ఉంగరపు వేలి కింద కాగితం

హాస్టల్, రెండో అంతస్తు,
కిటికీ పక్క మంచం

మహారాజశ్రీ బాబాయ్ గారి రంగులంటిన పాదాలకు,

మిడత విన్నవించుకునేది ఏమిటంటే, ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ పిన్నీ క్షేమమే అనుకుంటాను. క్షేమంగా లేనిది ఒక్క కింది దవడ మాత్రమే. నా నోట్లోది కాదు, పరీక్షలో నా చేతికి చిక్కినది.

నీకు తెలియని లోకం కాబట్టి వివరిస్తాను. పళ్ల డాక్టరు చదువులో రెండో ఏడు అయ్యేదాకా మనుషుల నోట్లో వేలు పెట్టనివ్వరు. బల్లకి బిగించిన బొమ్మ తలకాయ ఒకటి ఇస్తారు. దానికి రబ్బరు బుగ్గలు, ప్లాస్టిక్ పళ్లు. జుట్టు లేదు, చెవులు లేవు, అరవడం అసలే రాదు. ఎడమ చేత్తో చిన్న అద్దం పట్టుకుని, అందులో చూస్తూ, కుడి చేత్తో డ్రిల్లు పట్టి ఒక పన్నులో బియ్యపు గింజంత గుంట తొలవాలి. పక్క పన్నుకి గీత పడకూడదు.

నేను గుంట తొలిచాను. పక్క పన్నులో కూడా తొలిచాను, ఎవరూ అడగకుండానే. చెయ్యి వణికింది బాబాయ్.

మా సారుకి మేం పెట్టుకున్న పేరు పట్టకారు సార్. ఆయన చూపు ఒకసారి పట్టుకుందంటే ఊడేదాకా వదలదు. నా పనితనాన్ని భూతద్దంలో చూసి, "ఇది పన్నా, పుట్టా?" అన్నారు. "మొదట్లో పన్నే సార్," అన్నాను. తప్పించారు.

మళ్లీ పరీక్ష మూడు నెలల్లో. కంగారేమీ లేదు. వేళ్లకి బలం రావాలని రబ్బరు బంతి కొని రోజూ పిసుకుతున్నాను. ఈ మాత్రం దానికి ఫోన్ చెయ్యొచ్చుగా అంటుంది రూమ్మేటు. చేతిపనివాళ్లు చేత్తోనే మాట్లాడుకోవాలని నువ్వు పెట్టిన చట్టం గురించి పాపం ఆమెకేం తెలుసు.

ఇట్లు,
పక్క పన్నుల పాలిటి పిడుగు,
మిడత

*

రంగుల కొట్టు, వెనక గది

ఒసే మిడతా,

ఉత్తరం అందింది. పిన్ని పైకి చదివితే ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నేనొక్కణ్ణే మళ్లీ చదివా. ఈసారి నవ్వు రాలేదు. "కంగారేమీ లేదు" అని రాసిన చోట నీ కలం కాగితానికి చిల్లు పెట్టింది. అసలు సంగతేంటో దాచకుండా రాయి.

ఆ బంతిని కుక్కకి ఇచ్చెయ్. ముప్పై ఏళ్లుగా గోడల మీద బోర్డులు రాస్తున్నా, ఒక్కనాడు బంతి పిసికిన పాపాన పోలేదు. మొన్న టైర్ల కొట్టు గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా రాశా. నలభై అడుగులు. పొద్దంతా నిచ్చెన మీదే. చెయ్యి చెక్కుచెదరలేదు.

నాకొకటి చెప్పు. ఆ తలకాయ ముందు కూర్చుంటావా, నిలబడతావా? కూర్చుంటే పాదాలు ఎక్కడుంటాయి? పొట్ట ఏం చేస్తుంటుంది?

పిన్ని వేళకి తినమంది.

బాబాయ్

*

హాస్టల్, అదే మంచం,
కోపంగా

బాబాయ్,

పొట్ట ఏం చేస్తుంటుందా? అరుస్తుంటుంది. పరీక్ష పన్నెండింటికి పెడతారు.

సరే, దాచకుండా రాస్తున్నాను. తప్పడం ఇది రెండోసారి. మూడోసారి తప్పితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు. అంతే, ఇంటికి వచ్చెయ్యడమే. అరవైమంది ముందు పట్టకారు సార్ అన్న మాట ఇది: "నీది తాపీమేస్త్రీ చెయ్యమ్మా. మేం కొట్టేసేలోగా నువ్వే మానుకుంటే గౌరవంగా ఉంటుంది." అనడమే కాదు, సొరుగులోంచి ఒక ఫారం తీసి ఇచ్చారు. నా ఇష్టపూర్వకంగా చదువు మానుకుంటున్నాను అని అచ్చేసి, కింద సంతకానికి గడి కట్టి ఉంది.

ఈ ఉత్తరం దాని వెనకవైపే రాస్తున్నాను. తిప్పి చూడు. కాగితం బాగుంది, మందంగా, సిరా దిగకుండా.

ఇక నీ ప్రశ్నలు. కూర్చుంటాను. మా ల్యాబులో స్టూళ్లు ఒంటెల కోసం చేయించారు. నా పాదాలు గాల్లో వేలాడుతుంటాయి. వీపు ఆనించే కుర్చీలు నాలుగే ఉన్నాయి. వాటిని సింహాసనాలంటాం. మొదటి నాలుగు ర్యాంకుల వాళ్లవి. మిగతా ప్రజ ముందుకు వంగి, మెడ చాచి, కొంగల్లా పని చేస్తుంది.

ఇప్పుడు అసలు విశేషం. ఫిజియోథెరపీలో పెద్ద చదువు చదువుతున్న ఒకావిడ మొన్న మా క్లాసుకి వచ్చింది. మేం నడుము అక్క అంటున్నాం. పొట్ట, నడుము చుట్టూ ఉన్న కండరాలు గట్టిపడితే చేతి పనితనం మెరుగవుతుందా అన్నది ఆమె పరిశోధన. ఎనిమిది వారాలు. ఇష్టమున్నవాళ్లు చేతులెత్తండి అంది. సారు నవ్వి, "పళ్లు చేత్తో బాగుచేస్తారు, పొట్టతో కాదు," అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. చెయ్యెత్తాను. "ముందు ఆ చెయ్యి వణక్కుండా ఎత్తు," అన్నారు. దించలేదు బాబాయ్. పేరు రాసుకునేదాకా దించలేదు.

చీటీలు తీయించింది. సగంమందికి వ్యాయామం, సగంమందికి 'మామూలుగా ఉండండి'. నాకు వ్యాయామం వచ్చింది. రూమ్మేటుకి మామూలు వచ్చింది. మామూలుగా ఉండటంలో ఆమెని మించినవాళ్లు లేరు. ముందుగా ఒక పరీక్ష పెట్టింది. చిల్లులున్న పలక, సూదుల్లాంటి ఇనప పుల్లలు. అర నిమిషంలో ఎన్ని గుచ్చితే అన్ని. రూమ్మేటు పదిహేను. నేను పదకొండు. రెండు కింద కూడా పడ్డాయి, వాటికి లెక్క లేదట.

సంతకం పెట్టని,
మిడత

*

రంగుల కొట్టు

మిడతా,

ఫారం తిప్పి చూశా. బాగా చేశావు. ముందువైపు గడి ఖాళీగానే ఉంచు. ఈ కాగితం నా దగ్గరే ఉంటుంది.

తాపీమేస్త్రీ చెయ్యి అన్నాడా? మన వీధి మేస్త్రీ మూడో అంతస్తు ఎత్తున కట్టిన సారువ కర్రల మీద నిలబడి, ఒక చేత్తో గంప పట్టుకుని, రెండో చేత్తో గోడ అంచు నున్నగా లాగుతాడు. మీ సారుని ఆ సారువ ఎక్కించి అరగంట ఉంచమను. దిగాక మాట్లాడుకుందాం.

నేను పని నేర్చుకునే రోజుల్లో మా గురువు ఒక పరీక్ష పెట్టేవాడు. మాకు చేతికర్ర ఉంటుంది కదా, చివర గుడ్డ ఉండ కట్టినది. దాన్ని గోడకి ఆనించి, దాని మీద మణికట్టు ఉంచి రాస్తాం. ఆయన ఆ ఉండకీ గోడకీ మధ్య చిన్న కాగితం పెట్టేవాడు. మేం రాస్తుండగా లాగేవాడు. కాగితం జారి వస్తే సరే. చిరిగిందా, వీపు మీద ఒక్కటిచ్చేవాడు. "ఒళ్లంతా తెచ్చి కర్ర మీద పడేశావురా. కర్ర ఆనించుకోడానికి, వేలాడ్డానికి కాదు," అనేవాడు. మనిషి నడుం దగ్గర నిలబడకపోతే ఆ బరువంతా చెయ్యి మొయ్యాలి. మూట మోసే చెయ్యి గీత ఎక్కడ గీస్తుంది?

నీకు అలాంటి కర్ర ఏమైనా ఉందా?

బాబాయ్

*

వ్యాయామశాల అని బోర్డు ఉన్న పాత సైకిల్ షెడ్డు,
మూడో వారం

గౌరవనీయులైన గురుపరంపరకి,

చెమటతో తడిసిన మిడత రాయునది. ఈ ఉత్తరం మీద మరకలు కన్నీళ్లు కావు, అపోహ పడవద్దు.

వారానికి నాలుగు రోజులు నన్ను నేల మీద పడేస్తున్నారు. ఒకటి, వంతెన: వెల్లకిలా పడుకుని నడుం పైకెత్తాలి. రెండు, చచ్చిన బొద్దింక: వెల్లకిలా కాళ్లూ చేతులూ పైకి పెట్టి, ఒక వైపు చెయ్యీ రెండో వైపు కాలూ కలిపి మెల్లగా దించాలి. ఇందులో నాకు సహజ ప్రతిభ ఉందని తేలింది. మూడు, బల్ల: మోచేతుల మీదా కాలివేళ్ల మీదా ఒళ్లంతా పలకలా నిలబెట్టాలి. మొదటి రోజు తొమ్మిది సెకన్లు నిలబడ్డాను. అందులో మూడు సెకన్లు ఎలా దిగాలా అని ఆలోచిస్తూ గడిపాను. గోడ మీద నడుము అక్క నిబంధనలు అంటించింది. నాలుగోది: బల్లలో ఉండగా నవ్వరాదు, నవ్వితే నడుం జారును. అది చదివిన ప్రతిసారీ నవ్వొస్తుంది.

ఇప్పుడు కూర్చుని చదువు. నాకు కర్ర ఉంది బాబాయ్. నా ఉంగరపు వేలు! డ్రిల్లు పట్టినప్పుడు ఉంగరపు వేలు పక్క పన్ను మీద ఆనించాలి. ఫింగర్ రెస్ట్ అంటాం. చెయ్యి జారకుండా అది కాపలా. నిన్న ల్యాబులో ఆ వేలి కింద కాగితం పెట్టి రూమ్మేటుని లాగమన్నాను. చిరిగింది. మళ్లీ. చిరిగింది. ఏడుసార్లు. ఎనిమిదోసారి కాగితం చిరగలేదు, ఆనించిన పన్నే కదిలి బొమ్మ చిగుళ్లలోంచి బయటికొచ్చింది. నా యాభై కిలోలూ ఆ ఒక్క వేలి మీద వేలాడుతున్నాయన్నమాట! రెండు పరీక్షల్లోనూ చెయ్యి వణికింది బలం లేక కాదు, మూట మోస్తూ. బంతి పిసికి పిసికి ఆ మూట కూలీకే ఇంకా తర్ఫీదు ఇచ్చాను, చూడు నా తెలివి.

స్టూలు కింద ఇటుకలు రెండు పెట్టుకున్నాను, పాదాలు ఆనడానికి. ఇంకా చాలా దూరం ఉంది. కానీ ఎటు వెళ్లాలో తెలిసింది.

ఒక్క సందేహం. నీ ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. వరసల కింద పెన్సిల్ గీతలున్నాయి. రబ్బరుతో చెరిపావు, మచ్చ మిగిలింది. నలభై అడుగుల గోడ మీద గీత లేకుండా రాసేవాడికి ఉత్తరం కాగితం మీద గీతలెందుకు?

అనుమానపు,
మిడత

*

రంగుల కొట్టు

మిడతా,

కొత్త కళ్లద్దాలు. ఇంకా అలవాటు కాలేదు. నువ్వు నీ పని చూసుకో.

బాబాయ్

*

హాస్టల్

బాబాయ్,

ఈ నాలుగు ముక్కల కిందా గీతలున్నాయి. 'కళ్లద్దాలు' దగ్గర కలం మూడుసార్లు ఆగింది. పళ్ల దగ్గర అబద్ధాలు ఎలా పట్టుకోవాలో మాకు రెండేళ్లు నేర్పారు. రోజూ తోముతున్నానని అందరూ చెప్తారు.

నేను ఫారం పంపాను. నువ్వేం పంపుతావు?

మిడత

*

వెనక గది, మంచం

అమ్మా మిడతా,

అయిదు నెలలైంది. టైర్ల కొట్టు గోడ దగ్గరే. నలభై అడుగులు రాశానని కోతలు కోశాను కదా, పద్ధెనిమిది దగ్గర ఆగిపోయింది. నిచ్చెన జారలేదు. నేను జారా. వయసొచ్చింది, నడుం బద్ధకించింది, తెలియకుండానే ఏడాదిగా కర్ర మీద బరువేస్తున్నా. నలుగురికి నేర్పినవాణ్ణి, నా కర్ర కింద కాగితం ఎవరు పెడతారు? ఆ రోజు గోడ తడిగా ఉంది. కర్ర జారింది. దాని వెనకాలే నేను.

నడుం ఎముక చిట్లింది. అతుక్కుంది అన్నాడు డాక్టరు. కానీ రెండు నెలలు మంచం మీద ఉండేసరికి ఒళ్లు పిండిముద్దైపోయింది. పది నిమిషాలు కూర్చుంటే చెయ్యి వణుకుతోంది. పెన్సిల్ గీత కొట్టుకోకపోతే అక్షరాలు కొండెక్కి దిగుతున్నాయి. నీకు చెప్తే పరిగెత్తుకొస్తావని పిన్ని చేత ఒట్టు వేయించా.

నీ పొట్ట గురించి ఎందుకడిగానో ఇప్పుడు తెలిసిందా.

పిన్ని నిచ్చెనని పెరట్లో నిలబెట్టి చిక్కుడు తీగ పాకించింది. నేను మళ్లీ ఎక్కకుండా. తీగ అప్పుడే ఆరో మెట్టు మీద ఉంది. నాకంటే పైన. మంచం మీంచి రోజూ దాన్నే చూస్తున్నా. టైర్ల కొట్టాయన మిగతా గోడకి అచ్చేసిన బ్యానరు గుడ్డ కట్టిస్తానంటున్నాడు. అందరూ ఇక చాల్లే అంటున్నారు.

నాకు మాత్రం చాల్లే అని లేదే.

బాబాయ్

*

సైకిల్ షెడ్డు, ఆరో వారం

బాబాయ్,

రెండు రోజులు నీతో మాట్లాడకూడదనుకున్నాను. నువ్విక్కడ లేవు కాబట్టి నీకు తెలియలేదు. వృథా.

నీ సంగతి నడుము అక్కకి చెప్పి, నా వ్యాయామాల కాగితం నీకు పంపుతానన్నాను. నా చేతిలోంచి లాక్కుంది. "ఇది పాతికేళ్ల లోపు గట్టి మనుషులకి రాసింది. చిట్లిన నడుముకి ఉత్తరంలో వైద్యం చెయ్యను. ఆయన డాక్టరు చూసి సరే అన్నవి మాత్రమే, ఆయన చెప్పినన్ని మాత్రమే," అంది. కాబట్టి రేపే వెళ్లు. వెళ్లకపోతే ఉత్తరం రాయను, నేరుగా వచ్చేస్తాను, నా మూడో పరీక్ష సంగతి దేవుడెరుగు. ఇది బెదిరింపే. పిన్నికి కూడా చదివి వినిపించు.

ఇక్కడి వార్తలు. నిన్న సారు నా స్టూలు కింద ఇటుకలు చూసి, "ఇదేమిటి, కట్టడం మొదలెట్టావా?" అన్నారు. "మేస్త్రీ చెయ్యి కదా సార్, అలవాటు," అన్నాను. ఇటుకలు తీయించారు. మధ్యాహ్నం మళ్లీ పెట్టాను. మళ్లీ తీయించారు. ఇవాళ పొద్దున వెళ్లేసరికి మా వరసలో పదకొండు స్టూళ్ల కింద ఇటుకలున్నాయి. నేను తెచ్చిన ఇటుకలు రెండే.

బల్ల యాభై సెకన్లు. కాగితం నిన్న మొదటిసారి చిరక్కుండా వచ్చింది. తర్వాతిది చిరిగింది. తర్వాత రెండూ వచ్చాయి.

మూట దించుతున్న,
మిడత

*

వెనక గది, కుర్చీ
(మంచం కాదు, గమనించు)

మిడతా,

వెళ్లాం. డాక్టరు చూశాడు. వంతెన చెయ్యొచ్చన్నాడు. బొద్దింక సగం, కాళ్లు మాత్రమే. బల్ల నేల మీద వద్దు, గోడకి మోచేతులానించి నిలబడి చెయ్యమన్నాడు. ముప్పై ఏళ్లు గోడ మీద రాశా, ఇప్పుడు గోడకి దణ్ణం పెడుతున్నట్టుంది.

పిన్ని పక్కన కూర్చుని అంకెలు లెక్కపెడుతుంది. పదిహేడు దగ్గర ఆపి, "చిక్కుడు తీగ ఏడో మెట్టు ఎక్కింది," అంటుంది. నవ్వొచ్చి నడుం జారుతుంది. మీ నాలుగో నిబంధన మా ఇంట్లో చెల్లదు.

కవరులో చిన్న ముక్క పెట్టా చూడు. నీ ఫారంలో సంతకం గడి ఉందే, అది కత్తిరించా. పరీక్షలో నీ వేలి కింద వేరే కాగితం పెట్టకు. ఇదే పెట్టు.

బాబాయ్

*

పరీక్ష హాలు బయటి మెట్లు,
గ్లవ్స్ ఇప్పుడే విప్పి

బాబాయ్,

వరసగా చెప్తాను. మధ్యలో లేచి పిన్నిని పిలవకు.

లోపలికి వెళ్లేసరికి నా చోట ఇటుకల్లేవు. స్టూలు కూడా లేదు. సింహాసనం ఉంది. పట్టకారు సార్ పక్కన నిలబడి, "వీపు ఆనించి సుఖంగా కూర్చో. తప్పాక స్టూలు మీద వంక పెట్టకూడదు," అన్నారు.

"వద్దు సార్. వెన్ను నేనే తెచ్చుకున్నాను."

హాలంతా గొల్లుమంది. సారు బల్ల మీద కొట్టారు. నేను వెళ్లి మూలనున్న స్టూలు ఈడ్చుకొచ్చాను, సంచిలోంచి ఇటుకలు తీసి పేర్చుకున్నాను, కూర్చున్నాను. పాదాలు ఆనాయి. పొట్ట తన పని తను చేసుకుంటోంది. భుజాలు దిగాయి. డ్రిల్లు పట్టుకుంటే, బాబాయ్, అది బరువే లేదు. ఇన్నాళ్లూ నేను మోసింది దాన్ని కాదు, నన్ను.

సగం పనిలో ఆయన వచ్చి వెనక నిలబడ్డారు. నీ ముక్క పక్క పన్ను మీద పెట్టి, దానిమీద ఉంగరపు వేలు ఆనించి, "సార్, ఇది లాగండి," అన్నాను.

"ఏమిటిది?"

"మా ఇంటి పరీక్ష సార్."

"పరీక్ష హాల్లో నీ ఇంటి పరీక్షలేమిటి?" అన్నారే గానీ, లాగారు. కాగితం వచ్చేసింది. డ్రిల్లు ఆగలేదు, గుంట అంచు చెదరలేదు. ఆయన ఆ ముక్కని తిప్పి చూశారు. సంతకం అని అచ్చేసిన ఖాళీ గడి. తన సొరుగులోదే. దాన్ని కోటు జేబులో పెట్టుకున్నారు.

పని అయ్యాక భూతద్దంతో పక్క పన్నుని మూడుసార్లు వెతికారు. గీత దొరకలేదు. ప్యాసు.

మొన్న నడుము అక్క పుల్లల పలక కూడా మళ్లీ పెట్టింది. పదహారు. నేను గెంతులేస్తుంటే, "ఒక్క మిడతని చూసి శాస్త్రం తేల్చకూడదు, అందరి లెక్కలూ రావాలి," అంది. రానీ. నాకు నా లెక్క వచ్చింది.

తాజాకలం: ఉత్తరం పోస్టు చేసేలోగా ఇంకో వార్త. ఇవాళ జూనియర్ల క్లాసులో సారు అందరి వేళ్ల కిందా కాగితాలు పెట్టి లాగుతున్నారట. తనే కనిపెట్టినట్టు. మీ గురువుగారి వంశంలోకి ఆయన్ని చేర్చుకోవాలా వద్దా అన్నది నువ్వే తేల్చాలి.

తాపీమేస్త్రీ చెయ్యి గల,
మిడత

*

టైర్ల కొట్టు ముందు, బెంచీ

మిడతా,

చేర్చుకుందాం. కానీ చిరిగినప్పుడు వీపు మీద ఒక్కటి తినాలి, అది రూలు.

ఇక్కడిదాకా నడిచొచ్చా. పిన్ని కూడా వచ్చింది, నమ్మకం లేక. టైర్ల కొట్టాయనతో చెప్పా, గుడ్డ కట్టావంటే ఊరుకోను, ఆ గోడ నాది, మిగతా ఇరవై రెండు అడుగులూ నేనే రాస్తానని. ఎప్పుడు అన్నాడు. నా నడుం చెప్పినప్పుడు అన్నా. నిచ్చెన మీద చిక్కుళ్లు ఉన్నాయి కదా అంది పిన్ని. కాయలు కోసే వంకన రెండు మెట్లు ఎక్కనిస్తానంది. తను పట్టుకుంటుందట.

ఈ ఉత్తరానికి పెన్సిల్ గీతలు కొట్టలేదు. కాగితాన్ని వెలుగుకి పట్టి చూసుకో, నీకు అనుమానం ఎక్కువ. కింద బ్రష్షుతో ఒక గీత గీశా. ఈ అంచు నుంచి ఆ అంచుకి. నిలబడి, గోడకి కాగితం అంటించి. చేతికర్ర పిన్ని చేతిలో ఉంది.

స్కేలు పెట్టి చూడు.

బాబాయ్

*

హాస్టల్, కిటికీ పక్క,
స్కేలుతో

బాబాయ్,

పెట్టి చూశాను. మధ్యలో ఒక్కచోట వెంట్రుకవాసి వంకర ఉంది.

అక్కడ పిన్ని ఏమని నవ్వించింది?

మిడత